దయ్యం కారు సినిమా చూసొచ్చాక

నందిగామలో ఆ సినిమా చూసి వచ్చిన సాయంత్రం డైరీ నిండా రాశాను. హాల్లోనూ, ఇంటర్వెల్లో టీ దగ్గరా, తిరుగు ప్రయాణంలోనూ ఎవరేమన్నారో వరసగా ఉంది. సినిమా చూసిన ప్రతిసారీ అలాగే రాస్తాను. కథ రాయను, పాటల సంగతి రాయను, చూసినవాళ్ళు ఏమనుకున్నారో రాస్తాను. ముక్త్యాల దారిలో సిమెంటు ఫ్యాక్టరీ కాటా దగ్గర గుమాస్తాగా ఉద్యోగమంతా గడిచింది. లోపలికొచ్చిన లారీ బరువెంత, బయటికెళ్ళిన లారీ బరువెంత, అంతవరకే నా పని. సరుకు బాగుందో లేదో తూకం వేసేవాడు చెప్పకూడదు. ఆ అలవాటే సినిమాలకీ వచ్చింది.

సినిమాలకి వెళ్ళేది నలుగురం, శనివారం మ్యాట్నీకి, నా కారులో. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు నా పక్కన ఎడమ సీట్లో. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనాయన నా వెనక. మెయిన్ రోడ్డులో ఎరువుల కొట్టున్నాయన మాస్టారి వెనక. జగ్గయ్యపేటలో హాళ్ళు లేక కాదు నందిగామ వెళ్ళడం. పేటలో ఏ హాల్లో కూర్చున్నా ముందు వరసలోనో వెనక వరసలోనో మాస్టారి శిష్యులుంటారు. ఆయనకేమో సినిమాలో విజిల్ వేసే అలవాటు. నాలుక మడిచి చక్కగా వేసేవారు. నందిగామలో అయితే మొహమాటం లేదు.

హాలు బయట సినిమా గురించి మాట్లాడకూడదని ఒక నియమం పెట్టుకున్నాం. కారు నందిగామ దాటి హైవే ఎక్కాకే మొదలుపెట్టాలి. ముందు కొట్టాయన చెప్పేవారు, తర్వాత కండక్టరు గారు. వాళ్ళిద్దరికీ ఏ సినిమా మీదా ఒక మాట కుదరదు. నవాబుపేట దాటేదాకా వాదించుకునేవాళ్ళు. చివరికి మాస్టారు సీటు బెల్టు లాగి పట్టుకుని సగం వెనక్కి తిరిగి తీర్పు చెప్పేవారు. మహా అయితే ఒక వాక్యం. "ఇందులో అందరూ అరిచారు, ఎవరూ మాట్లాడలేదు" అన్నారొకసారి. ఆ తర్వాత ఇంకెవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఇంటికెళ్ళి అది రాసుకుంటే నాకు వారం ముగిసినట్టుండేది.

నా భార్య పోయి చాలాకాలమైంది. మాకు పిల్లలు లేరు. ఇంట్లో నా గొంతు నాకు వినిపించేది పాలవాడు వచ్చినప్పుడూ, ఫోనులో ఎవరో లోను కావాలా అని అడిగినప్పుడూ. దాన్నొక బాధగా చెప్పడం లేదు, పరిస్థితి అది. శనివారం ఉండబట్టి మిగతా రోజులు సజావుగా గడిచేవి.

మాస్టారు పోయింది కూడా శనివారమే, నా కారులోనే. ఆ రోజు చూసింది హాస్యం సినిమా. కొట్టాయన చెప్పడం అయింది, కండక్టరు గారు చెప్పడం అయింది. "మాస్టారూ, ఇక మీదే ఆలస్యం" అన్నారు కండక్టరు గారు. మాస్టారు తల కిటికీ అద్దానికి ఆనించి ఉన్నారు.

"నిద్రపోయారు. సినిమా అంత గొప్పగా ఉందన్నమాట. అదే తీర్పు, రాసుకోండి కాటా గారూ" అన్నారు కొట్టాయన.

ముగ్గురం నవ్వుకున్నాం. ఆయన్ను లేపకూడదని గొంతులు తగ్గించి మాట్లాడుకున్నాం. చిల్లకల్లు టోల్ గేటు దగ్గర బ్రేకు వేసినప్పుడు ఆయన తల ముందుకు వాలి బెల్టు మీద ఆగింది. అప్పుడు తెలిసింది. పేట ఆసుపత్రికి ఎలా నడిపానో గుర్తులేదు. కండక్టరు గారు, కొట్టాయన డాక్టరు కోసం లోపలికి పరిగెత్తారు. వార్డు వాళ్ళు స్ట్రెచరు తెచ్చి ఆయన్ను దించారు. ఆ స్ట్రెచరు అంచుకి తగిలి సీటు చిరిగింది. డాక్టరు చూసి, దారిలోనే అయిపోయిందని చెప్పాడు.

మర్నాడు సాయంత్రం మాస్టారి చర్చి పాస్టరు గారు ప్రార్థన చేశారు. సమాధుల తోటలో మేం ముగ్గురం ఒక పక్కన నిలబడ్డాం. ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళు, నెరిసిన తలల వాళ్ళు కూడా, మట్టి వేయడానికి వరస కట్టారు.

ఆ తర్వాత కారు కడుగుతుంటే చిరుగు కనిపించింది. లోపలి స్పాంజి బయటికి వచ్చి ఉంది. అటు చూడబుద్ధి కాక నా గళ్ళ తువ్వాలు ఒకటి తెచ్చి సీటు మీద పరిచాను. అది మాసినప్పుడు తీసి ఉతికి, మళ్ళీ దాన్నే పరిచేవాణ్ణి. సీటు కుట్టించాలని అనుకోకపోలేదు. పేటలో సీటు కవర్ల షాపులకి కొదవ లేదు. వెళ్ళలేదు, అంతే.

వానాకాలమంతా సినిమా మాట ఎవరూ ఎత్తలేదు. శనివారం మధ్యాహ్నాలు నేను భోజనం చేసి, గిన్నెలు కడిగి, చొక్కా మార్చుకునేవాణ్ణి. మార్చుకున్నాక ఎందుకు మార్చుకున్నానో గుర్తొచ్చి కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఫ్యాక్టరీ లారీలు పోతుంటే కిటికీ తలుపులు గలగలమనేవి. లోడు లారీ చప్పుడు వేరు, ఖాళీ లారీ చప్పుడు వేరు. అది లెక్క పెట్టడం మొదలుపెట్టి, ఇది మంచి అలవాటు కాదని మానేశాను.

చలి మొదలయ్యే రోజుల్లో కొట్టాయన ఫోను చేశారు.

"ఏవండీ కాటా గారూ, ఏం చేస్తన్నారు?"

"ఏముందండీ, కూర్చున్నా."

"ఇంట్లో కూర్చోటానికి మీరేమన్నా కొత్త కోడలా? నందిగామలో దయ్యం కారు సినిమా పడింది. మా మనవళ్ళు చూసొచ్చి బాత్రూముకి కూడా జంటగా పోతన్నారు. వెళ్దామా? కండక్టరు బావకి చెప్పా. వస్తానన్నాడు."

శనివారం పొద్దున్నే కారు కడిగాను. టైర్లలో గాలి చూపించాను. తువ్వాలు ఉతికింది పరిచాను.

ముందు కొట్టాయన్ను ఎక్కించుకోవాలి. ఆయన కొట్టు మెట్లు దిగి వచ్చి ముందు తలుపు తీశారు. లోపలికి చూశారు. మెల్లగా తలుపు వేసి, వెనక తలుపు తీసుకుని ఎక్కారు. కండక్టరు గారు అసలు ముందు తలుపు దగ్గరికే రాలేదు. వెనకాల ఇద్దరూ పాత చోట్లలోనే కూర్చున్నారు. నా పక్క సీటు ఖాళీగా ఉంది. మాస్టారి చోటు మాస్టారికే వదిలారనుకున్నాను. ఏమన్నా అంటే బాగుండదని గేరు వేశాను. ఆ రోజుకి నాకు అదే పెద్ద సంతోషం.

సినిమా సంగతి కొంచెం చెప్పాలి. ఒక కొత్త పెళ్ళికూతుర్ని భర్తా అతని స్నేహితులూ కలిసి కారులోనే చంపుతారు. కారుకి రంగు మార్చి అమ్మేస్తారు. అది చేతులు మారి మారి ఆ హంతకుల ఊరికే వస్తుంది. ముందు ఎడమ సీటు మీద ఆమె చున్నీ ఎక్కడినుంచో వచ్చి పరుచుకుంటుంది. తీసి పారేస్తే మళ్ళీ వస్తుంది. దాని మీద కూర్చున్నవాడికి సీటు బెల్టు దానంతటదే బిగుసుకుంటుంది. ఒక్కొక్కరే పోతారు. భర్త చివర.

హాలు సగం నిండింది. ఇంటర్వెల్లో సమోసాలు, టీ అమ్మే చోట గోడకానుకుని నిలబడి అందరి మాటలూ విన్నాను. కాలేజీ కుర్రాళ్ళు ఫోన్లు చూసుకుంటూ, "రెండున్నర ఇవ్వొచ్చురా", "ఆ అర ఎందుకు?", "కారు యాక్టింగుకి" అనుకుంటున్నారు. పూలు పెట్టుకున్న ఒకావిడ పక్కావిడతో అంది: "దయ్యమయ్యాక ఆ పిల్ల ఎంత నిదానంగా మాట్లాడుతుందో చూశావా వదినా? బతికున్నప్పుడు ఒక్క మాటన్నా పూర్తిగా అననిచ్చారా?" వదిన సమోసా నములుతూ, "చచ్చాకన్నా విన్నారు" అంది.

ఖాకీ చొక్కా వేసుకున్న లారీ డ్రైవరొకడు తన క్లీనరుకి గట్టిగా చెబుతున్నాడు. "ఇంతసేపు తిరిగింది గదా, ఒక్కచోటన్నా డీజిలు కొట్టించుకుందా? గరికపాడు చెక్‌పోస్టు కాడ ఆపితే కాయితాలు ఎవరు చూపిస్తరు? దయ్యం చూపిస్తదా?" క్లీనరు, "దయ్యానికి ఇన్సూరెన్సు ఉండదన్నా" అన్నాడు. ఇంకో పెద్దాయన అసలు తప్పంతా సెకండ్‌హ్యాండు కారుకి నిమ్మకాయలు తొక్కించకుండా ఇంటికి తేవడంలో ఉందని తేల్చాడు. ఆయన మాటకి చుట్టూ ఉన్నవాళ్ళందరూ తల ఊపారు. అన్నిటికంటే ఎక్కువ మద్దతు దొరికిన అభిప్రాయం అదే.

నాకు హుషారుగా ఉంది. రాసుకోవడానికి ఇన్ని మాటలు దొరికి ఎంతకాలమైందో. పక్కకి తిరిగి చూస్తే కండక్టరు గారు టీ తాగకుండా గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు.

హైవే ఎక్కాక కొట్టాయన మొదలుపెట్టారు. "ఫస్టాఫ్ ఫర్వాలేదండి. సెకండాఫ్‌లో అన్నీ చావులే. మనిషి మనిషికీ ఒక పావుగంట. మొగుణ్ణి ముందే చంపేస్తే మనం కాఫీ టైముకి ఇంటికి పోయేవాళ్ళం."

కండక్టరు గారి వంతు. సాధారణంగా ఆయన్ను ఆపడం కష్టం. "బానే ఉంది" అన్నారు.

"బానే ఉందంటే?"

"బానే ఉందంటే బానే ఉందండి. మీరు రోడ్డు చూడండి."

నవాబుపేట దాటాక కొట్టాయన మెల్లగా, "మాస్టారుంటే ఏమనేవారో" అన్నారు.

"ఊరుకో బావా. పిలవమాక" అన్నారు కండక్టరు గారు.

మాస్టారు గుర్తొచ్చి ఆయన బాధపడుతున్నారనుకున్నాను. టోల్ గేటు దగ్గర కారు ఆగినప్పుడు అద్దంలో చూశాను. ఇద్దరూ సీటు అంచుల్లో కూర్చుని చెరో కిటికీ నుంచీ బయటికి చూస్తున్నారు. నా మనసులో ఒక మాట ఉంది గానీ పైకి చెప్పడం అలవాటు లేదు. ఈ సినిమాల్లో దయ్యాలన్నీ పగ తీర్చుకోవడానికే వస్తాయి. చంపడానికి అంత దూరం నుంచి రాగలిగినవి, ఊరికే కాసేపు పక్కన కూర్చోవడానికి ఎందుకు రావు? మాస్టారు పోయిన దగ్గర్నుంచీ నేను ఆ సీటు పక్కనే కారు నడుపుతున్నాను. బజారుకి, బ్యాంకుకి, ముక్త్యాల ఏటి ఒడ్డుకి. ఒక్కసారి కూడా పక్కన ఎవరూ ఉన్నట్టు అనిపించలేదు. ఆ సినిమాలో నాకు నమ్మబుద్ధి కానిది అదే.

తర్వాతి శనివారం కొట్టాయన ఫోను చేశారు. కొట్లో స్టాకు దిగుతోందట. కండక్టరు గారికి మోకాలు. ఆ పై శనివారం కొట్టాయనకి చుట్టాలు, కండక్టరు గారికి మళ్ళీ మోకాలు. ఆ తర్వాత నేనే ఫోను చేశాను. "ఈ సినిమాలు ఇంటికే వచ్చేస్తున్నాయి గదండీ ఫోన్లో" అన్నారు కొట్టాయన. ఇక చేయలేదు. మనుషులు పెద్దవాళ్ళవుతున్నారు, తగ్గించుకుంటారు అనుకున్నాను. నేను కూడా చొక్కా మార్చుకోవడం మానేశాను.

కళ్ళజోడు మార్పించుకోవడానికి ఒక శనివారం నందిగామ వెళ్ళవలసి వచ్చింది. పని అయి బస్టాండు మీదుగా వస్తుంటే అక్కడ కనిపించారు, ఇద్దరూ. పేట వెళ్ళే పల్లెవెలుగు అప్పుడే వచ్చి ఆగింది. జనం తలుపు దగ్గర తోసుకుంటున్నారు. కండక్టరు గారు గుంపులోకి పోకుండా బస్సు వెనక్కి నడిచి, మోకాలు బాగాలేదన్న మనిషి మునివేళ్ళ మీద లేచి, భుజం మీది తువ్వాలు తీసి కిటికీలోంచి సీటు మీదికి విసిరారు. కొట్టాయన భలే అన్నట్టు వీపు మీద చరిచారు. మ్యాట్నీ వదిలిన వేళ అది. ఇద్దరి మొహాల్లోనూ సినిమా చూసొచ్చిన కళ ఉంది.

నేను పలకరించలేదు. బస్సు కదిలాక వెనకే బయలుదేరాను. దాటి పోవచ్చు, పోలేదు. వాళ్ళు చివరి సీట్లో కూర్చున్నారు. వెనక అద్దంలోంచి రెండు తలలు కనిపిస్తున్నాయి. కొట్టాయన చెయ్యి గాల్లో తిప్పుతున్నారు, కండక్టరు గారు తల అడ్డంగా ఊపుతున్నారు. ఏ సినిమానో తెలియదు గానీ వాళ్ళకి మాట కుదరలేదని తెలుస్తోంది. బస్సు ఆగిన ప్రతి స్టేజీలోనూ నేనూ ఆగాను. నవాబుపేట దాటాక వాదన అయిపోయి రెండు తలలూ కుదురుగా ఉండిపోయాయి. నా కారు వాళ్ళకి కనిపించలేదు. పేట బస్టాండులో వాళ్ళు దిగడం చూసి ఇంటికి పోయాను. ఆ రోజు డైరీలో కళ్ళజోడు అని తప్ప ఏమీ రాయలేదు.

నాలో ఏదో లోపం ఉండి ఉంటుందని కొన్నాళ్ళు వెతుక్కున్నాను. ఎప్పుడన్నా మాట తూలానా, వాళ్ళింటి శుభకార్యానికి వెళ్ళలేదా. ఏమీ దొరకలేదు. దొరికితే సరిదిద్దుకోవచ్చు. దొరక్కపోతే ఏం చేయాలి? చివరికి ఒక ఆదివారం పొద్దున కండక్టరు గారింటికి వెళ్ళాను.

ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నారు. నన్ను చూసి లేచారు. "రండి రండి" అన్నారు గానీ చూపు నా భుజం మీదుగా గేటు బయట కారు మీదికి పోయింది. ఆయన భార్య కాఫీ తెచ్చింది. ఆవిడ నన్ను అన్నయ్య గారూ అంటుంది.

"మోకాలెలా ఉందండీ?" అన్నాను.

"మోకాలికేమైంది?" అంది ఆవిడ.

ఆయన పేపరు మడత పెట్టారు.

"నందిగామ బస్టాండులో చూశాను. మీరిద్దరూ సినిమా చూసి వస్తున్నారు. నా వల్ల పొరపాటేమన్నా జరిగితే చెప్పండి. లేదు, నాతో రావడం ఇష్టం లేదంటే అదన్నా చెప్పండి. ఏదో ఒకటి తెలిస్తే నాకు నిమ్మళం" అన్నాను. ఇంత పొడుగ్గా ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"అబ్బే, అదేం మాటండీ. మీతో ఇష్టం లేకపోవటమేంటి."

"చెప్పండి, ఎన్నాళ్ళు దాస్తారు" అంది ఆవిడ ఆయనతో. "అన్నయ్య గారూ, ఈయనకి మీ కారెక్కాలంటే భయం. ఎరువుల కొట్టన్నయ్య గారికీ భయమే. ఇద్దరూ మగాళ్ళు గదా, బయటికి చెప్పుకోలేక బస్సుల్లో వేలాడతన్నారు."

"భయమేంటి భయం. నువ్వుండు." ఆయన నా వైపు తిరిగారు. "మీరు తువ్వాలేసి పెట్టారు గదండీ."

"తువ్వాలా?"

"ముందు సీట్లో. నేను సర్వీసంతా బస్సులో చేసినోణ్ణి. సీట్లో తువ్వాలుంటే ఏంటర్థం? మనిషి వస్తాడని. కింద టీ తాగుతున్నాడో, ఏం చేస్తన్నాడో, మొత్తానికి వస్తాడు. బస్సు కిక్కిరిసిపోయి ముసలమ్మలు నిలబడి ఉన్నా, ఆ తువ్వాలు తీసి పక్కనెయ్యాలంటే నాకే చెయ్యాడేది కాదు. మీరు మాస్టారికి సీటు ఆపారు. మీ స్నేహం అలాంటిది, నేను కాదన్ను. కానీ ఆపి పెడితే వస్తారు గదండీ."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను.

"మొదట్రోజు కొట్టు బావ తలుపు తీసి చూసి నాకు ఫోన్లో మెసేజి పెట్టాడు, వెనకే కూర్చుందాం అని. సరేలే అనుకున్నా. పోయి పోయి ఆ సినిమాయే చూడాలా? అందులోనూ ఎడమ సీటే. అందులోనూ గుడ్డే. ఇంటర్వెల్లో నాకు టీ దిగలేదంటే నమ్మండి. తిరిగొచ్చేటప్పుడు నా కళ్ళు ఆ బెల్టు మీదే."

"చిరుగండీ" అన్నాను. "సీటు చిరిగింది. ఆసుపత్రిలో స్ట్రెచరు తగిలి. కనపడకుండా వేశాను, అంతే."

"చిరుగా?"

"రండి, చూపిస్తాను."

ముగ్గురం గేటు బయటికి వెళ్ళాం. ముందు తలుపు తీసి తువ్వాలు ఎత్తాను. కండక్టరు గారు కళ్ళజోడు పెట్టుకుని, కాస్త దూరం నుంచే వంగి చూశారు. తర్వాత దగ్గరికి వచ్చి వేలితో తడిమారు.

"ఇంతేనా?" అన్నారు.

నేనూ చూశాను. చిటికెన వేలంత ఉంది. స్పాంజి బయటికి వచ్చిందనుకున్నాను, నలకంత తొంగి చూస్తోంది. నా లెక్కలో అది సీటు సగం ఉండాలి. తువ్వాలు మార్చినప్పుడల్లా పక్కకి చూస్తూ మార్చానేమో, చిరుగుని మళ్ళీ చూడనే లేదు.

"దీనికింత తువ్వాలెందుకండీ? స్టిక్కరు ముక్క అంటిస్తే సరిపోయేది" అన్నారు కండక్టరు గారు.

చిరుగు కోసమే వేశానని ఒక్క నిమిషం ముందు వరకూ నాకు నమ్మకమే. ఇప్పుడు చూస్తే ఆయన చెప్పిందే సబబుగా ఉంది.

ఆవిడ నా చేతిలోంచి తువ్వాలు తీసుకుని మడత పెట్టింది. "తీసేయండి అన్నయ్య గారూ. మాస్టారికి రావాలనుంటే సీటు లేకపోతే ఏం, నిలబడి వస్తారు."

"నువ్వూరుకోవే" అన్నారాయన. నవ్వాలా వద్దా అన్నట్టు నా మొహం చూశారు. నేను నవ్వాను. ఆయనా నవ్వారు. తర్వాత గొంతు తగ్గించి, "అది తీసేస్తే వస్తామండి. బస్సు మెట్లెక్కలేకపోతన్నాం. మోకాలి సంగతి పూర్తిగా అబద్ధం కూడా కాదు" అన్నారు.

ఆ రోజు ఇంటికి వస్తుంటే పక్క సీటు ఉత్తిగా, నల్లగా కనిపించింది. తువ్వాలు బీరువాలో మిగతా తువ్వాళ్ళతో కలిపి పెట్టాను. ఆ వారం మధ్యలో సీటు కవర్ల షాపుకి వెళ్ళి చిరుగు కుట్టించాను. కుట్టినవాడు నేను షాపులో కూర్చోబోయే లోపలే పని ముగించాడు. ఇంత చిన్న పని కోసం ఇన్నాళ్ళు రాలేదా అని అతను అడగలేదు, నేను చెప్పలేదు.

శనివారం వచ్చింది. కొట్టాయన ముందుగా వెనక ఎక్కి కూర్చుని, "ఈసారి బావ వంతు. ధైర్యం ఎవరికెంతో తేలిపోవాలి" అన్నారు. కండక్టరు గారు ముందు తలుపు తీసి, సీటు మీద అరచేత్తో ఒకసారి తట్టి, లోపల ఏదో అనుకుని ఎక్కారు. ఆయన పొడుగు మనిషి. మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకి ఆనాయి.

"మాస్టారు ఎలా కూర్చునేవారండీ దీంట్లో? పెట్టెలో ఉన్నట్టుంది" అన్నారు. వెనక వాళ్ళకి కాళ్ళు చాపుకునే వీలుండాలని మాస్టారు సీటు బాగా ముందుకి జరుపుకునేవారని నేను చెప్పేలోపే కిందికి చెయ్యి పెట్టి మీట లాగారు. సీటు కరకరమంటూ వెనక్కి పోయి ఆగింది. "ఆఁ, ఇప్పుడు బాగుంది" అన్నారు.

"బెల్టు పెట్టుకో బావా. నిదానంగా. అది నిన్ను చూస్తంది" అన్నారు కొట్టాయన.

"నీ టిక్కెట్టు తీసుకున్నావా నువ్వు? లేకపోతే దిగు."

అది కుటుంబ కథ సినిమా. హాల్లో జనం పలచగా ఉన్నారు. తిరుగు ప్రయాణంలో హైవే ఎక్కాక కొట్టాయన చెప్పారు, కండక్టరు గారు కాదన్నారు. ఆయన గొంతు ఇన్నాళ్ళూ వెనకనుంచి వినేవాణ్ణి. ఇప్పుడు చెవి పక్కనుంచి వస్తుంటే పెద్దగా, కొత్తగా ఉంది. నవాబుపేట దాటింది. వాదన ఆగలేదు. చిల్లకల్లు టోల్ దగ్గర కారు ఆగినప్పుడు కూడా ఇద్దరూ హీరో తల్లి ఆస్తి రాసివ్వడం న్యాయమా కాదా అని మాట్లాడుకుంటూనే ఉన్నారు. గేటు లేచింది, ముందుకి పోయాం. తీర్పు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం వాళ్ళకి తోచినట్టు లేదు. నాకు మాత్రం పేట వచ్చేదాకా చెవి అటే ఉంది.

"వచ్చే వారం ఏం పడుతుందో కనుక్కుని చెబుతా" అని కొట్టాయన దిగారు. "పొద్దున్నే ఫోన్ చెయ్యండి, టిఫినుకి ముందే" అని కండక్టరు గారు దిగారు. ఇద్దరికీ తల ఊపి ఇంటికి వచ్చి, కారు షెడ్డులో పెట్టాను.

దిగాక అటువైపు వెళ్ళి తలుపు తీశాను. సీటు బాగా వెనక ఉంది. ముందు చాలా ఖాళీ. కింద మీట లాగి ముందుకి తోశాను. సీటు ఆగే గాడులు ఒకదాని తర్వాత ఒకటి టకటకమంటూ పోయాయి. మాస్టారున్నప్పుడు ఏ గాడిలో ఉండేదో తెలియలేదు. ఒకచోట ఆపి నేనే ఎక్కి కూర్చుని చూశాను. అంతకుముందు ఎప్పుడూ ఆ సీట్లో కూర్చోలేదు. సగం వెనక్కి తిరిగి చూశాను. ఇక్కడే ఉండేదేమో అనిపించింది. ఇంకో గాడి ముందుకి జరిపితే అక్కడే ఉండేదేమో అనిపించింది.

కాసేపు అలా కూర్చుని దిగాను. ఇలాగే వదిలితే వచ్చే శనివారం కండక్టరు గారు మళ్ళీ వంగి మీట వెతుక్కోవాలి, మోకాలు బాగాలేని మనిషి. సీటును ఆయన పెట్టుకున్న చోటికే వెనక్కి తోసి, తలుపు వేశాను.